డోర్నకల్ అజరయ్యగారు

బెజవాడ నుండి కాజీపేటకు పోయే రైలు మధిర, ఖమ్మం స్టేషన్లు దాటిన తరువాత డోర్నకల్ జంక్షనులో ఆగుతుంది. సింగరేణి బొగ్గుగనుల వైపు ఒక శాఖ అక్కడనే చీలిపోతుంది. నేడు ఆ దారిన పోయే ప్రయాణికులలో అనేకులకు డోర్నకల్ అనగా జంక్షను మాత్రమే. కాని ఒకప్పుడు ఆ చిన్న ఊరి పేరు ఎడింబరోలోను, టోకియోలోను, కేంబ్రిడ్జిలోను పెద్దలకు సుపరిచితమై ఉండినది. అందుకు కారకులు తెలుగువారు కారు. ముప్పది అయిదవ ఏట తెలుగు అక్షరాలు దిద్దుకొని, ఈ అడవి అంచు పల్లెలను స్వస్థలముగా భావించి, ఇచ్చటనే కన్నుమూసిన ఒక తమిళుడు. ఆయనే వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు. ఆంగ్లికన్ సంఘములో బిషపు పదవిని పొందిన ప్రథమ భారతీయుడు.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో జన్మించినారు. తాటితోపులు, ఎర్రని ఇసుక నేలలు గల ప్రాంతమది. తండ్రి తోమాస్ వేదనాయకంగారు నాడార్ కులమున పుట్టి, 1839లో క్రైస్తవము స్వీకరించి, గ్రామ పాదిరిగా జీవితము గడిపినవారు. వివాహమైన పదుమూడు సంవత్సరములకు గాని ఆ దంపతులకు ఈ కుమారుడు కలుగలేదట. అందుచేతనే బైబిలులో ప్రార్థనా ఫలముగా పుట్టిన బాలుని పేరు, సామ్యూల్ అని, పెట్టుకున్నారు. నాడార్లను ఆ రోజులలో అగ్రవర్ణములవారు దూరముగా ఉంచెడివారు. దేవాలయ ప్రవేశము మొదలు స్త్రీలు రవికె తొడుగుట వరకు వారికి ప్రతిదియు ఒక పోరాటమే. తరువాతి కాలమున మాలపల్లెలలో, మాదిగ గూడెములలో కూర్చొని మాటలాడునపుడు అజరయ్యగారికి వారి అవమానము పుస్తకముల ద్వారా తెలిసినది కాదని మరువరాదు.

1889లో తండ్రి పరమపదించినారు. తల్లి ఎల్లెనమ్మగారు కుమారుని క్రమశిక్షణతో పెంచినారు. మెజ్ఞానపురములోను, పాళయంకోట్టైలోను చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరినారు. గణితములో దిట్టయే; కాని సరిగా పరీక్ష సమయమునకు జబ్బుపడి పట్టము పుచ్చుకొనకుండానే బయటికి వచ్చినారు. ఇది ఆయనకు పెద్ద లోటుగా తోచినట్లు లేదు. 1895లో వై.ఎం.సి.ఏ. సంస్థలో కార్యదర్శిగా కుదిరి దక్షిణ దేశమంతటా తిరిగినారు. అమెరికా నుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు అక్కడనే ఆయనకు ప్రాణస్నేహితుడైనాడు. తెల్లవారికిని, స్వదేశీయులకును మధ్య సమానస్కంధుల స్నేహము సాధ్యమేనని ఆయనకు తెలియజేసినది ఈ మైత్రియే అని చెప్పవచ్చును.

1898లో అన్బు మారియమ్మాళ్‌ను పెండ్లియాడినారు. ఆ ప్రాంతములో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. వరకట్నము పుచ్చుకొనలేదు, పెండ్లి నిరాడంబరముగా జరిగినది. క్రైస్తవులలో సైతము కట్నముల బేరములు యథేచ్ఛగా సాగుచుండిన కాలములో ఇది సామాన్య విషయము కాదు.

1902లో అజరయ్యగారు యాఴ్ప్పాణము వెళ్ళినారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ ధనముతో, తమ మనుష్యులతో బయటి ప్రాంతమునకు బోధకులను పంపుచుండుట చూచి ఆయన మనస్సు కలతపడినది. తిరునెల్వేలి క్రైస్తవము అప్పటికి వంద సంవత్సరములకు పైబడినది. అయినను మిషను అనగా సీమనుండి వచ్చునది అను భావమే గాని, తాము ఒకరికి ఇవ్వవలసినవారమన్న తలంపు అక్కడ కలుగలేదు. తిరిగి వచ్చిన మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరి 12న, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసినది. పరదేశపు డబ్బు ముట్టరాదు, నడిపించువారు స్వదేశీయులే కావలెను అనునవి దాని నియమములు. 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూరులో, కేరీ పండితుని పేరిట నెలకొన్న గ్రంథాలయములో, నేషనల్ మిషనరీ సొసైటీ అనే అఖిల భారత సంస్థ స్థాపించబడినది. అందులోను అజరయ్యగారే ముఖ్యులు. బెంగాలు విభజనకు వ్యతిరేకముగా స్వదేశీ ఉద్యమము ముమ్మరముగా సాగుచున్న సంవత్సరమది. విదేశీ వస్త్రములను తగులబెట్టుట ఒక విధమైన స్వదేశీయమైతే, విదేశీ ధనమును కాదనుట మరియొక విధమైన స్వదేశీయమే కదా!

తిరునెల్వేలివారు తమ కార్యక్షేత్రముగా ఎన్నుకొన్నది నిజాం రాజ్యములోని మానుకోట తాలూకా, డోర్నకల్ ప్రాంతము. మొదట వేరే బోధకులను పంపినారు. అజరయ్యగారు కార్యదర్శిగా వచ్చి, చూచి, పోవుచుండెడివారు. పరదేశమునకు మనుష్యులను పంపుచు తాను ఊరిలో కూర్చుండుట ఆయనకు నచ్చలేదు. వై.ఎం.సి.ఏ. ఉద్యోగమును, దానివల్ల వచ్చు పేరును వదలుకొని, 1909లో గురుపట్టము పొంది, కుటుంబసమేతముగా డోర్నకల్‌లో దిగినారు. పట్టణములలో విద్యార్థి సభలలో ఉపన్యసించిన వ్యక్తి, 1907లో టోకియో మహాసభకు పోయి వచ్చిన వ్యక్తి, ఇప్పుడు మలేరియా జ్వరములకు, పులుల భయమునకు పేరుపడిన ఒక కుగ్రామములో గుడారము వేసికొని, పలుకుబడి రాని భాషలో పశువుల కాపరులతో సంభాషణ ఆరంభించినారు.

ఆనాటి ఈ సీమ స్థితి ఏమని చెప్పుట? నిజాం పాలనలో దొరల, దేశముఖుల అధికారమునకు అడ్డులేదు. మాలలు, మాదిగలు వెట్టి చేయవలెను. పిలిచినప్పుడు పోవలెను, కూలి అడుగరాదు. అప్పు తండ్రి నుండి కొడుకుకు దిగును. ఊరి బావి దగ్గరకు పోరాదు. చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవుట వారి వంతు, ఆ మాంసమే వారి ఆహారము. ఇట్టి పల్లెలలోనికి బోధకుడు వచ్చుట అనగా కొత్త దేవుని గూర్చి చెప్పుట మాత్రమే కాదు. బడి పెట్టి, వెట్టివాని కొడుకుకు అక్షరములు నేర్పుటయే ఊరి కట్టుబాటుపై దెబ్బ. బాప్తిస్మము పొందినవారి గుడిసెలపై దాడులు, పొలము పనులు నిలిపివేయుట, దొంగతనములు అంటగట్టుట మామూలు సంగతులు.

ఈ ప్రాంతమునకు క్రైస్తవము అజరయ్యగారితోనే వచ్చినదని అనుకొనరాదు. చర్చి మిషనరీ సొసైటీవారు ఖమ్మములో అంతకు ముందే స్థిరపడి ఉండిరి. భద్రాచలము అడవులలో దుమ్ముగూడెము వద్ద, గోదావరిపై పని చేయుచుండిన హేగ్ దొర కాలమున, 1860 ప్రాంతములలోనే కోయలలో మిషను వెలసినది. అందులో ప్రధాన పాత్ర వహించినది వెంకటరామరాజు అనే క్షత్రియుడు. జలవనరుల శాఖ పనులలో ఉద్యోగము చేయుచు క్రైస్తవుడై, కోయల మధ్యనే జీవితము ధారవోసినాడు. ఈ వెంకటరామరాజు కథ వేరుగా చెప్పుకోదగినది. అజరయ్యగారి కంటె ముందే స్వదేశీయుడు ఈ అడవి అంచున పాదిరియై పేరుపొందినాడన్న మాటకు ఇచ్చట ప్రస్తావించితిని.

1910 జూన్ నెలలో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. పన్నెండు వందల మంది ప్రతినిధులలో ఆసియావాసులు వేళ్ళపై లెక్కింపదగినంతమంది. అజరయ్యగారు విదేశీ, స్వదేశీ సేవకుల సహకారమును గురించి ప్రసంగింపవలసి ఉండెను. సాధారణముగా అటువంటి సభలలో కృతజ్ఞతా వాక్యములు విననలవాటుపడినవారికి ఆయన చెప్పినది వేరు. మీరు మాకొరకు ఆస్తులిచ్చితిరి, ప్రాణములిచ్చితిరి, అది మరువము. కాని మాతో కలిసి భోజనము చేయరు, మమ్ము ఇంటికి పిలువరు, మా ఇంటికి రారు. మాకు కావలసినది దాతలు కారు, స్నేహితులు కావలెను అన్న భావమును ఆయన దాచకుండ చెప్పినారు. సభ నిశ్శబ్దమైపోయినదట. కొందరికి కోపము వచ్చినది, కొందరు సిగ్గుపడినారు. ఆ ప్రసంగము ఈనాటికిని ప్రపంచ క్రైస్తవ చరిత్రలో స్మరింపబడుచున్నది.

మద్రాసు బిషపు హెన్రీ వైట్‌హెడ్‌గారు ఈ యువ పాదిరిలో తరువాతి బిషపును చూచినవారు. ఆయన పట్టుదలవల్లనే డోర్నకల్‌ను ప్రత్యేక అధ్యక్షఖండముగా చేసి అజరయ్యగారిని దానికి అధ్యక్షునిగా చేయుటకు ప్రయత్నములు జరిగినవి. ఎదిరించినవారు తక్కువమంది కారు. తమపై నల్లవాడు అధికారి యగుటను కొందరు తెల్ల మిషనరీలు సహించలేకపోయినారు. వింత యేమనగా, తిరునెల్వేలిలోని స్వదేశీ క్రైస్తవులలో కొందరు సైతము నాడార్ కులస్థునికి ఇంత పదవియా అని మనవి పత్రములు పంపినారు. పుట్టుకతో వచ్చిన పట్టుదల క్రైస్తవమున చేరినను పోలేదన్నమాట. కడకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ మహాదేవాలయములో అజరయ్యగారికి బిషపు అభిషేకము జరిగినది. అప్పుడు ఆయనకు ముప్పది ఎనిమిదేండ్లు. అధ్యక్షఖండము అతి చిన్నది. నిజాం రాజ్యపు ఆగ్నేయ భాగములో కొద్ది గ్రామములు, వ్రేళ్ళపై లెక్కింపదగిన పాదిరులు, ఇంతే ఆయన రాజ్యము. పరీక్షించి చూతమన్న ధోరణిలోనే పెద్దలు ఆ పదవినిచ్చిరని స్పష్టముగానే ఉన్నది.

పరీక్షకు ఆయన నిలబడినారు. 1920 దాటుసరికి కృష్ణా జిల్లా, దుమ్ముగూడెము, ఖమ్మము, మరి కొన్ని తెలుగు మండలములు డోర్నకల్ అధ్యక్షఖండములో కలిపివేయబడినవి. ఒక వైపు నిజాం రాజ్యము, ఒక వైపు బ్రిటిషు ఆంధ్రము. రెండింటి నడుమ మధిర, ఖమ్మము. ఒక బిషపు అధికారములో, రెండు ప్రభుత్వముల పాలనలో ఈ తెలుగు పల్లెలు కలిసినవి. 1956లో రాజకీయముగా జరిగిన సంగతి, ఒక చిన్న మేరకు, సంఘములో అంతకు ముప్పది అయిదేళ్ళ ముందే జరిగినదని చెప్పవచ్చును. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చినది. పట్టము పుచ్చుకొనని విద్యార్థికి ఇది చెప్పుకొనదగిన మర్యాదయే.

ఆయన రోజువారీ పని ఎట్టిదో చెప్పకపోయినచో ఈ పదవులు, పట్టములు శూన్యములు. సంవత్సరములో అధికభాగము పల్లెలలో పర్యటనయే. తొలి రోజులలో ఎడ్ల బండిపై, కొన్నిచోట్ల సైకిలుపై, కాలినడకన. తరువాతి కాలమున మోటారు వచ్చినది. బండి ఆగినచోట గుడారము, లేదా చింతచెట్టు నీడ. ఆయన పల్లెవారిని నాలుగు శత్రువులతో పోరాడమని చెప్పెడివారు: మురికి, రోగము, అప్పు, కల్లు. దేవుని ప్రస్తావన వచ్చుటకు ముందు నీళ్ళ కుండ, పసిబిడ్డ కంటి కలక, వడ్డీ వ్యాపారి పద్దు గూర్చియే చర్చ సాగును. చచ్చిన పశువు మాంసము మానుమని, బాల్యవివాహములు మానుమని కఠినముగా శాసించినారు. సహకార పరపతి సంఘములు పెట్టించినారు. డోర్నకల్‌లో బాలుర బడి, బాలికల బడి, వృత్తి విద్యాలయము, ముద్రణాలయము, బోధకుల కొరకు దైవశాస్త్ర విద్యాలయము వెలసినవి. ఆ విద్యాలయములో ఒక విశేషమున్నది. బోధకునిగా శిక్షణ పొంద వచ్చినవాడు భార్యతోసహా రావలెను, ఆమెకు కూడ చదువు చెప్పవలెను. ఊరిలో స్త్రీల ఇండ్లలోనికి పోగలిగినది ఆమెయే గదా. అన్బు అమ్మగారు ఈ స్త్రీల విద్యకు, మాతృసంఘములకు ప్రధానాధారము.

బాప్తిస్మమును పొందినవారు తలపై చేయి ఉంచుకొని, తాము సువార్త ప్రకటింపకపోయినచో తమకు కీడు అను అపొస్తలుని భావమును వాగ్దానముగా పలుకవలెనని ఆయన ఏర్పాటు చేసినారు. ప్రతి ఏటా అధ్యక్షఖండమంతటా సాక్ష్య వారము అని ఒక వారము జరిగెడిది. అక్షరము రాని కూలివాడు సైతము ఆ వారము ప్రక్క ఊరికి పోయి తనకు తెలిసినది చెప్పవలెను. పాటలు, కోలాటములు, భజనలు, బుర్రకథ తీరు కథాగానములు వీటికి ఆయన అడ్డు చెప్పలేదు. పాశ్చాత్య శ్రుతులతో పాడించుట కంటె ఇదే మేలని భావించినారు. గృహిణులు వంట చేయునపుడు ఒక్కొక్క పిడికెడు బియ్యము సంఘమునకు తీసి ఉంచెడివారు. పంట నూర్పు వేళ ధాన్యపు కానుకలు వచ్చెడివి. వెట్టిచేసిన మనిషి దాతగా నిలబడినపుడు అతని తల ఎత్తు మారునని అజరయ్యగారు ఎరుగుదురు. క్రైస్తవ దానము గూర్చి ఆయన వ్రాసిన చిన్న గ్రంథము పలు భాషలలోనికి అనువదింపబడినది. గురువు వైట్‌హెడ్‌గారితో కలిసి 1930లో గ్రామ క్రైస్తవమును గూర్చి మరియొక పుస్తకము ప్రకటించినారు.

ఆయన ఉత్త సౌమ్యుడని తలచిన పొరపాటు. అధికారము విషయములో పట్టుదల గల మనిషి. తప్పు చేసిన పాదిరిని ఉపేక్షించెడివారు కారు. కాలమునకు రానివానిని, సంఘ కట్టుబాటు తప్పినవానిని నిలదీయుటకు జంకరు. మాలలకును, మాదిగలకును మధ్య గల అంతరము దేవాలయపు గుమ్మము వరకు వచ్చినపుడు ఆయన రాజీ పడలేదు. ఇరువురు ఒకే పాత్రలో ప్రభుభోజనము పుచ్చుకొనవలసినదే. అయినను ఆ విభేదము ఆయన జీవితకాలమున పోలేదు, అనంతరమును పోలేదు. ఆయన పనిలో ఫలము తక్కువ కనబడినచోటు ఇదియే.

ఆయనకు మరియొక కష్టము వచ్చినది. అది గాంధీజీతో వచ్చినది. ఇద్దరును దేశాభిమానులే. 1932లో ప్రత్యేక నియోజకవర్గముల నిర్ణయము వచ్చినపుడు క్రైస్తవులకు వేరు స్థానములు వద్దని, అది దేశమునకు, సంఘమునకు కూడ హాని యని అజరయ్యగారు వాదించినారు. ఆ విషయములో గాంధీజీ దారికి ఆయన దగ్గరివారే. కాని 1935 అక్టోబరులో తాను హిందువుగా మరణింపనని డాక్టరు అంబేద్కరుగారు యేవలలో ప్రకటించిన పిమ్మట, హరిజనుల మతమార్పిడి దేశమంతటా చర్చనీయాంశమైనది. 1936, 37 సంవత్సరములలో గాంధీజీ హరిజన్ పత్రికలో ఆంధ్రదేశమున జరుగుచున్న సామూహిక మతమార్పిడులను గూర్చి అనుమానములు వెలిబుచ్చినారు. బీదవాడు, చదువురానివాడు, మత తత్త్వమును విచారించి నిర్ణయింపగలడా, లేక బడికి, మందుకు, రక్షణకు ఆశపడి పోవుచున్నాడా అనునది ఆయన సంశయము.

అజరయ్యగారి సమాధానము సారాంశమిది: మాల, మాదిగలకు ఆకలి ఉన్నట్లే ఆత్మయు ఉన్నది, వారు ఏది మంచిదో నిర్ణయింపలేరనుట వారిని మరల తక్కువ చేయుట, కొత్త నమ్మికతో పాటు వారు తాగుడు, మురికి మానుచుండగా అది ఆత్మసంబంధమైన మార్పు కాదని ఎట్లందురు? ఊరి అగ్రవర్ణములవారిలో కొందరు వారి మార్పు చూచియే తామును రాసాగిరని ఆయన చూపినారు. 2000లో సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ అనే పండితురాలు అజరయ్యగారి జీవితముపై వ్రాసిన గ్రంథమునకు మహాత్ముని నీడలో అను అర్థము గల పేరు పెట్టుట ఈ కలహమును దృష్టిలో నుంచుకొనియే. ఇందులో ఎవరిది రైటు అని తీర్పుచెప్పుట సులభము కాదు. బలహీనుని ఎరవేసి మతము మార్చరాదన్న గాంధీజీ మాట ధర్మమే. కాని తన నమ్మికను తాను ఎన్నుకొను హక్కు బలహీనునికి ఉన్నదన్న అజరయ్యగారి మాట కూడ ధర్మమే. వెట్టివాడు తన కాపురము, తన దేవుడు, తన పేరు తానే ఎన్నుకొనుట ఆనాడు మొదటిసారి. దానిని చూచినవాడు ఆ హక్కును వదలుకొనుమని ఎట్లు చెప్పును?

అంబేద్కరుగారు ఆయనతో మాటలాడినపుడు అడిగినది వేరొక ప్రశ్న. మావారు క్రైస్తవులలో చేరినచో అందరును ఒక్క సంఘముగా ఉందురా, లేక మీ పాశ్చాత్య శాఖలనుబట్టి మరల చీలిపోవుదురా అని. ఆ ప్రశ్నకు తన దగ్గర జవాబు లేకపోయినదని, దానివల్ల సిగ్గుపడితినని అజరయ్యగారు తరువాతి సభలలో బాహాటముగా చెప్పుకొన్నారు. సంఘ ఐక్యత అప్పటికే ఆయన జీవిత లక్ష్యమైయుండెను. 1919 మే నెల 1, 2 తేదీలలో తరంగంబాడిలో ఆంగ్లికన్, దక్షిణ భారత ఐక్య సంఘములకు చెందిన ముప్పది ముగ్గురు నాయకులు చేరినారు. వారిలో ఇద్దరు తప్ప అందరును భారతీయులే. సమావేశమునకు అధ్యక్షులు అజరయ్యగారు. అచ్చట మొదలైన సంప్రదింపులు ఇరువది ఎనిమిది సంవత్సరములు సాగినవి. 1929 నుండి భారత జాతీయ క్రైస్తవ సమితికి ఆయన అధ్యక్షులు. 1938 డిసెంబరులో మద్రాసు సమీపమున తాంబరములో ప్రపంచ మిషనరీ మహాసభ కూడినపుడు అందులోను ఆయన ప్రముఖ స్థానము వహించినారు.

1939 జనవరి 6న డోర్నకల్ మహాదేవాలయము ప్రతిష్ఠింపబడినది. అది కట్టుటకు పాతిక సంవత్సరముల వరకు పట్టినది. ధనము ఉన్నపుడు కట్టి, లేనపుడు ఆపుచు వచ్చినారు. మసీదు గుమ్మటము, హిందూ దేవాలయపు స్తంభములు, తామరపూవుల నగిషీ, పైన క్రైస్తవ శిలువ: ఈ దేశపు నేలనుండి మొలచినదే తన గుడి కావలెనని ఆయన కోరిక. గాథిక్ గోపురములు తెచ్చి పెట్టక ఇట్లు కట్టించుట ఆనాటి మిషనులలో అరుదు. తూర్పుదేశ జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ పేరు దానికి పెట్టినారు. తూర్పువారు ముడుపులతో వచ్చిన కథ అది. ఆ పేరు ఎన్నుకొన్నవాని మనస్సు సులభముగానే తెలియును.

1935లో ఎ.బి. ఎలియట్ అనే మిషనరీని డోర్నకల్‌కు సహాయక బిషపుగా అభిషేకించినారు. భారతీయ బిషపుక్రింద తెల్లవాడు సహాయకుడై పని చేయుట అప్పటికి కొత్త. ఇద్దరును సామరస్యముతో పదేండ్లు పనిచేసినారు.

అజరయ్యగారు డెబ్బదేండ్ల వయస్సులోను పర్యటనలు మానలేదు. 1944 చివర పల్లెలలో తిరిగి జ్వరముతో వచ్చి, 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో దివంగతులైనారు. అప్పటికి అధ్యక్షఖండములో రెండు లక్షలకు పైగా క్రైస్తవులుండిరి. మహాదేవాలయము ప్రక్కనే ఆయన సమాధి. తిరునెల్వేలికి తీసికొనిపోవలెనన్న ప్రస్తావన అనవసరమైనది. ముప్పది ఆరు సంవత్సరములు ఆయన ఊరు ఇదియే. ఆయన స్థానమున ఎలియట్‌గారు బిషపు అయినారు. 1947 సెప్టెంబరు 27న, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, మద్రాసులో దక్షిణ భారత సంఘము వెలసినది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రెగేషనలిస్టులు ఒక్కటైనారు. దానికి పునాది వేసిన డోర్నకల్ అధ్యక్షుడు ఆ దినము చూడలేదు.